నాలుగు డిస్కుల రెయిడ్ 5 కుప్పకూలింది: పెళ్లి వీడియోలు బయటికి తీయడం ఎలా?

తెనాలి తమ్ముడు | శనివారం ఉదయం

అందరికీ నమస్కారం. మా బావగారికి తెనాలిలో పెళ్లిళ్ల ఫొటో స్టూడియో ఉంది. అక్కడ నాలుగు అరల నాస్ పెట్టె (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచేది) ఒకటి, అందులో 4 టీబీ డిస్కులు నాలుగు, అన్నీ కలిసి ఒకే పెద్ద డిస్కులా పనిచేసే రెయిడ్ 5 పద్ధతిలో. ఇన్నాళ్లుగా తీసిన పెళ్లిళ్లన్నీ దాంట్లోనే ఉన్నాయి. నిన్న రాత్రి శ్రావణ మాసపు పెళ్లి ఒకటి కార్డుల నుంచి కాపీ చేస్తుండగా పెట్టె బీప్‌మని అరవడం మొదలుపెట్టింది. పొద్దున చూస్తే తెర మీద ‘వాల్యూమ్ క్రాష్’ అని ఉంది. 2వ అర దీపం ఎరుపు, 3వ అర దీపం నారింజ. ఒక్క ఫోల్డరూ తెరుచుకోవడం లేదు.

ఒక డిస్కు పోయినా పెట్టె నడుస్తుందని చెప్పే అమ్మారు. ఊళ్లో కంప్యూటర్ దుకాణం ఆయన చూసి, కొత్త డిస్కులు రెండు వేసి రిపేర్ నొక్కుదాం అంటున్నారు. మరొకరు పెట్టెను రీసెట్ చేస్తే సర్దుకుంటుందన్నారు. ఇంకా రెండు పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఇవ్వాల్సి ఉంది. బావగారు రాత్రి నుంచి అన్నం ముట్టలేదు. ఏం చేయమంటారు?

---

పాత సర్వరు | శనివారం ఉదయం

ఏమీ చేయకండి. ముందు ఆ ఒక్క పని చేయండి.

రిపేర్ నొక్కవద్దు, రీసెట్ అసలే వద్దు, కొత్త డిస్కు అరలో పెట్టవద్దు. మెనూలోంచి పద్ధతిగా షట్‌డౌన్ చేసి, డిస్కులు తీసే ముందు ఒక్కో దాని మీద అర నంబరు రాసి అంటించండి. సీరియల్ నంబర్లు ఫోనులో ఫొటో తీసుకోండి. ఆ డిస్కులను విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే ‘ఇనిషియలైజ్ చేయాలా’ అని, అంటే కొత్త డిస్కులా సిద్ధం చేయాలా అని అడుగుతుంది. చాలామంది పాపం సరే నొక్కేస్తారు. తగిలించకపోతే ఆ ప్రశ్నే రాదు.

రెండు డిస్కులు పోయాయని పెట్టె చెబుతోంది. పెట్టె చెప్పే ‘పోవడం’ వేరు, డిస్కు నిజంగా పోవడం వేరు. ఏదో ఒక చోట చదవడం ఆలస్యమైనా పెట్టె ఆ డిస్కును జట్టులోంచి వెలివేస్తుంది. వెలివేసిన డిస్కులో డేటా తొంభై తొమ్మిది పాళ్లు చెక్కుచెదరకుండా ఉండటం మామూలే. మీ బావగారిని భోజనం చేయమనండి.

ఇక జవాబులు చెప్పండి: డిస్కు ఏదైనా టిక్ టిక్‌మని కొట్టుకుంటోందా? రెండు దీపాలూ ఒకే రోజు రంగు మారాయా, లేక ఒకటి ముందే మారిందా?

---

గోదావరి గట్టు | శనివారం ఉదయం

మా ఆఫీసులో ఒకాయన పోయిన డిస్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి తెల్లారి ఫైళ్లు తీశాడు. ఖర్చు లేని పని కదా, ఒకసారి చూడండి.

---

ధూళి లేని గది | శనివారం ఉదయం

గోదావరి గట్టు గారూ, దయచేసి ఆ సలహా వెనక్కి తీసుకోండి. నేను బెంగళూరులో డేటా రికవరీ ల్యాబులో పనిచేస్తాను. ఫ్రీజర్‌లోంచి వచ్చిన డిస్కులు మాకు ఇప్పటికీ వస్తుంటాయి. తెనాలిలో ఆగస్టు గాలి ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. చల్లని డిస్కును ఆ గాలిలోకి తీస్తే లోపలా బయటా తేమ పడుతుంది. చదివే హెడ్డు పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున ఎగురుతుంది. ఆ సందులో నీటి తడి ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. పాత రోజుల్లో ఒకటీ అరా పనిచేసి ఉండవచ్చు, ఇప్పటి డిస్కులకు అది ఉరితాడు.

తమ్ముడు గారూ, చప్పుడు గురించి పాత సర్వరు గారు అడిగింది చాలా ముఖ్యం. కొట్టుకునే చప్పుడు వచ్చినా, డిస్కు తిరగకపోయినా, కంప్యూటర్ దాని పరిమాణాన్ని సున్నా అని చూపినా ఇంట్లో ప్రయత్నం చేయకండి. అది హెడ్డు జబ్బు. అలాంటి డిస్కు తిరిగే ప్రతి నిమిషం పళ్లెం గీసుకుపోతుంటుంది.

---

తెనాలి తమ్ముడు | శనివారం మధ్యాహ్నం

చప్పుడు ఏమీ లేదు. నాలుగూ మామూలుగానే తిరుగుతున్నాయి. 2వ అర ఎరుపు దీపం సంగతి అడిగితే, అది చాలాకాలంగా అలాగే ఉందని స్టూడియో కుర్రాడు చెప్పాడు. పెట్టె హెచ్చరిక మెయిళ్లు అంతకుముందు పనిచేసి మానేసిన ఎడిటర్ చిరునామాకు వెళుతున్నాయి. పెట్టె వెనక గదిలో, ఏసీ పక్కన అటక మీద ఉంటుంది. దాని మొహం చూసేవారు లేరు.

---

డాలస్ రాత్రి డ్యూటీ | శనివారం మధ్యాహ్నం

అయితే కథ ఇది. ఎప్పుడో 2వ డిస్కు పడిపోయింది. అప్పటినుంచి మూడు డిస్కుల మీద, ఏ రక్షణా లేకుండా నడిచింది. నిన్న 3వది కూడా పక్కకు పోయింది. నేను స్టోరేజీలోనే పని చేస్తాను, పెద్ద సంస్థల్లోనూ నూటికి సగం ఇలాంటివే చూస్తుంటాను.

రెయిడ్ 5 లోపల ఏం జరుగుతుందో ఒకసారి చెబితే తర్వాతి నిర్ణయాలు మీకే అర్థమవుతాయి. కిరాణా చీటీలో మూడు సరుకుల ధరలూ కింద మొత్తమూ ఉన్నాయనుకోండి. ఒక ధర మీద నూనె పడి చెరిగినా మొత్తంలోంచి మిగిలినవి తీసేసి కనుక్కోవచ్చు. రెండు చెరిగితే ఏ లెక్కా పనిచేయదు. డిస్కుల్లో కూడిక బదులు ఎక్స్‌ఓఆర్ అనే బిట్ల లెక్క చేస్తారు, ఆ ‘మొత్తం’ పేరు పారిటీ. పారిటీ ఒకే డిస్కులో ఉండదు. ఒక వరుసలో 4వ డిస్కులో ఉంటే తర్వాతి వరుసలో 3వ దాంట్లో, ఇలా తిరుగుతూ ఉంటుంది. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఈ రెయిడ్ వరుసలను ఒక పత్రంలో పెట్టినప్పుడు వారి ఉద్దేశం చవక డిస్కులతో పెద్ద డిస్కు పని చేయించడం. అటక మీద పెట్టి మరిచిపోవచ్చని వారు ఎక్కడా అనలేదు.

మీ దగ్గర నాలుగింటిలో మూడు కావాలి. 1, 4 బాగున్నాయి. మూడోది 2వ డిస్కా, 3వ డిస్కా? మొత్తం వ్యవహారం ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

---

వేడి టీ | శనివారం సాయంత్రం

నా అభిప్రాయంలో ఇది ఎలాగూ పోయిన కేసు. మామూలు డిస్కులు 10కి 14వ ఘాతం బిట్లు చదివితే ఒక లోపం వస్తుందని తయారీదారులే రాస్తారు. అంటే 12.5 టీబీ. మీరు మూడు డిస్కులు కలిపి 12 టీబీ చదవాలి. లెక్క వేసుకోండి. రెయిడ్ 5 చచ్చిపోయిందని ఎప్పటినుంచో చెబుతున్నారు.

---

డాలస్ రాత్రి డ్యూటీ | శనివారం సాయంత్రం

> మీరు మూడు డిస్కులు కలిపి 12 టీబీ చదవాలి. లెక్క వేసుకోండి.

వేసుకున్నాను. ఆ అంకె తయారీదారు ఇచ్చే హామీ తాలూకు గరిష్ఠ హద్దు. ప్రతి 12.5 టీబీకి గడియారం కొట్టినట్టు ఒక లోపం వస్తుందని దాని అర్థం కాదు. ఆరోగ్యంగా ఉన్న డిస్కులను నెలనెలా చివరిదాకా చదివిస్తూ ఒక్క లోపమూ లేకుండా నడిపేవారు ఎందరో ఉన్నారు. పైగా ఇక్కడ ఒక సెక్టర్ (డిస్కు మీద చదవగలిగే అతి చిన్న ముక్క) పోతే ఒక ఫైలులో 4 కేబీ పోతుంది. పెళ్లిళ్లన్నీ పోవు. పెట్టె మొండిది కాబట్టి ఒక్క సెక్టర్‌కే మొత్తం ఆపేస్తుంది. మనం ఆపనక్కరలేదు.

---

పాత సర్వరు | శనివారం రాత్రి

వాదన తర్వాత. తమ్ముడు గారూ, ఇలాంటి నాస్ పెట్టెల్లో చాలావాటి లోపల నడిచేది మామూలు లైనక్స్ రెయిడే. పెట్టె అవసరం లేదు. సాటా పోర్టులు (డిస్కులు నేరుగా తగిలించేవి) ఉన్న డెస్క్‌టాప్ ఒకటి, పెన్‌డ్రైవ్‌లో సిస్టమ్‌రెస్క్యూ లైనక్స్ ఉంటే చాలు. యూఎస్‌బీ డాక్ వాడకండి, చెడ్డ సెక్టర్ తగిలినప్పుడు మధ్యలో ఉండే ఆ చిప్పు తడబడుతుంది. కంప్యూటర్‌లోని సొంత డిస్కు తీగ పీకేయండి, పొరపాటుకు తావుండదు.

డిస్కులను ఒక్కొక్కటిగా మాత్రమే తగిలించండి. అన్నీ ఒకేసారి కనబడితే కొన్ని లైనక్స్‌లు వాటంతట అవే అర్రేను, అంటే డిస్కుల జట్టును, కలిపి నడపడం మొదలుపెడతాయి. ప్రతి దాని మీదా లైనక్స్ రెయిడ్ పనిముట్టు ఎండీఏడీఎంలోని ఎగ్జామిన్ ఆజ్ఞ నడిపి, తెర ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. డిస్కులో మొదటి రెండు విభజనలు పెట్టె సొంత అవసరాలకు ఉండవచ్చు, పెద్దదే మీ డేటా. ఎగ్జామిన్ డిస్కు మీద ఏమీ రాయదు, భయపడకండి. స్మార్ట్ నివేదిక (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునేది) కూడా తీయండి. 5, 197, 198, 199 నంబర్ల వరుసలు చాలు, అవి చెడ్డ సెక్టర్లు, తీగ లోపాల లెక్కలు.

---

మిక్సింగ్ మావయ్య | శనివారం రాత్రి

సాంకేతికం నాకు రాదు, పెళ్లి వీడియోల మిక్సింగ్ మాత్రం ముప్పై ఏళ్లుగా చేస్తున్నాను. మీ బావగారికి ఈ మాటలు చెప్పండి.

కెమెరా కార్డులన్నీ ఈ క్షణమే ఒక కవరులో వేసి బీరువాలో పెట్టమనండి. ఫార్మాట్ చేసిన కార్డు అయినా సరే, దాని మీద మళ్లీ షూట్ చేయకపోతే ఫొటోరెక్‌తో చాలా వరకు తిరిగి వస్తుంది. పేర్లు పోతాయి, బొమ్మలు వస్తాయి. ఆల్బమ్ ప్రింటు ల్యాబుకు పంపిన పేజీలు వారి దగ్గర కొన్నాళ్లు ఉంటాయి, ఫోన్ చేసి తుడవవద్దని చెప్పమనండి. ఇప్పుడు ప్రతి పెళ్లికీ లైవ్ ఇస్తున్నారు, ఆ రికార్డింగు యూట్యూబ్‌లోనే ఉంటుంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు ఉంటే సగం గండం గట్టెక్కినట్టే. ఎవరూ మళ్లీ తల వంచి తాళి కట్టించుకోరు కదా.

ఇంకో మాట. పెళ్లివారికి ఆలస్యమవుతుందని ఇప్పుడే చెప్పమనండి. మూఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి పని చేసుకోవచ్చు అనుకునే రోజులు పోయాయి, ఇప్పుడు పెళ్లికూతురు అప్పగింతల కారులోనే ఫొటోలు అడుగుతోంది.

---

తెనాలి తమ్ముడు | ఆదివారం మధ్యాహ్నం

మావయ్య గారూ, కార్డులు బీరువాలో పెట్టాం. ధన్యవాదాలు. ఫొటోలు ఎక్కించడం కుదరలేదు, కాబట్టి చూసి రాస్తున్నాను.

1వ డిస్కు: ఈవెంట్లు 184213, చివరి మార్పు మొన్న శుక్రవారం రాత్రి. స్మార్ట్ వరుసలన్నీ సున్నా.
2వ డిస్కు: ఈవెంట్లు 97550, చివరి మార్పు ఫిబ్రవరి. 197వ వరుసలో 8, మిగతావి సున్నా.
3వ డిస్కు: ఈవెంట్లు 184207, చివరి మార్పు శుక్రవారం రాత్రి. 5వ వరుసలో 312, 197లో 1,640.
4వ డిస్కు: ఈవెంట్లు 184213, శుక్రవారం రాత్రి. అన్నీ సున్నా.

నాలుగింటిలోనూ రెయిడ్ 5, చంక్ (ఒక్కో డిస్కుకు పోయే ముక్క) 64 కేబీ, పారిటీ తిరిగే తీరు లెఫ్ట్ సిమ్మెట్రిక్ అని ఉంది. 2వ డిస్కు ఇంచుమించు ఆరోగ్యంగా ఉంది, 3వది రోగిష్టిది. కాబట్టి 1, 2, 4 కలిపితే సరిపోతుందా?

---

పాత సర్వరు | ఆదివారం మధ్యాహ్నం

సరిపోదు. ఇక్కడే చాలా ఇళ్లు కాలతాయి.

ఈవెంట్ల లెక్క అంటే ఆ డిస్కు అర్రేలో ఎంతవరకు పాల్గొందో చెప్పే హాజరుపట్టీ. 1, 4 డిస్కులకూ 3వ దానికీ మధ్య తేడా ఆరు. అంటే 3వ డిస్కు చివరి నిమిషం దాకా వీటితోనే ఉంది. 2వది ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. దాన్ని ఆగస్టు డిస్కులతో కలిపితే ప్రతి వరుసలో ఒక ముక్క ఆర్నెల్ల కిందటిది వస్తుంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఫైల్ సిస్టమ్ పట్టికలు సగం కొత్తవి, సగం పాతవి. మౌంట్ అయినట్టే (తెరుచుకున్నట్టే) కనబడుతుంది, ఆపైన ఎవరైనా ఫైల్ సిస్టమ్ లోపాలు దిద్దే ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే అది ‘బాగుచేస్తూ’ మొత్తం తురిమేస్తుంది.

మీకు కావలసింది 1, 3, 4. రోగిష్టిదే అయినా 3వది తాజాది. ఆరోగ్యం చూసి మోసపోకండి.

3వ డిస్కును నేరుగా వాడి ఫైళ్లు కాపీ చేయడం మొదలుపెట్టవద్దు. 197లో అంత సంఖ్య ఉన్నవాటికి ఆయుష్షు చెప్పలేం. ముందు నకలు, ఆ తర్వాతే ఏదైనా. 16 టీబీ డిస్కులు రెండు కొనండి. ఒకదాంట్లో 1, 3, 4 నకళ్లు, మొత్తం 12 టీబీ. రెండోదాంట్లో బయటికి తీసిన ఫైళ్లు, వీలుంటే 2వ డిస్కు నకలు కూడా. దాన్ని పారేయకండి, తర్వాత పని పడవచ్చు.

నకలు తీయడానికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడండి. లోపం తగిలితే ఆగిపోయే మామూలు డీడీ వద్దు. మొదటి విడత డైరెక్ట్, నో స్క్రేప్ ఐచ్ఛికాలతో నడపండి, మ్యాప్ ఫైలు పేరు తప్పకుండా ఇవ్వండి. అది తేలికగా వచ్చేవన్నీ ముందు లాగేస్తుంది, మొండికేసిన చోట్లను గుర్తు పెట్టుకుని దాటేస్తుంది. కరెంటు పోయినా మ్యాప్ ఫైలు ఉంటే ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. రెండో విడతలో స్క్రేప్ (మొండి చోట్లను సెక్టర్ తర్వాత సెక్టర్‌గా చదవడం) చేయనిచ్చి, మూడుసార్లు మళ్లీ ప్రయత్నించమనండి. ముందు 3వ డిస్కు చేయండి. బాగున్నవి ఎక్కడికీ పోవు.

---

వేడి టీ | ఆదివారం సాయంత్రం

ఇంత తతంగం ఎందుకు? ఎండీఏడీఎం క్రియేట్ ఆజ్ఞకు అస్యూమ్ క్లీన్ (ఉన్నది సరిగ్గానే ఉందనుకో అన్న ఐచ్ఛికం) జోడించి అర్రేను మళ్లీ సృష్టిస్తే ఐదు నిమిషాల్లో వచ్చేస్తుందని చాలాచోట్ల రాశారు.

---

పాత సర్వరు | ఆదివారం సాయంత్రం

రాశారు. వచ్చినవారు రాశారు, రానివారు మౌనంగా కొత్త డిస్కులు కొనుక్కున్నారు.

క్రియేట్ ప్రతి డిస్కు మీదా అర్రే వివరాలుండే పాత సూపర్‌బ్లాక్‌ను చెరిపి కొత్తది రాస్తుంది. మీరు మధ్యాహ్నం చూసిన హాజరుపట్టీ, డిస్కుల వరుస, చంక్, డేటా ఎక్కడ మొదలవుతుందన్న సమాచారం అంతా మాయం. చంక్ సైజు చెప్పకపోతే ఇప్పటి ఎండీఏడీఎం 512 కేబీ అనుకుంటుంది, మీది 64. డేటా మొదలయ్యే చోటు పాత వెర్షన్లలో 1 ఎంబీ దగ్గర, కొత్తవాటిలో తరచూ 128 ఎంబీ దగ్గర. అస్యూమ్ క్లీన్ రాయడం మరిచి నాలుగు డిస్కులూ ఇస్తే వెంటనే ఒక డిస్కును మిగతా మూడింటి లెక్క ప్రకారం తిరగరాయడం మొదలుపెడుతుంది. సూపర్‌బ్లాకులు నిజంగా పోయినప్పుడు, అదీ నకళ్ల మీద మాత్రమే వాడే ఆఖరి అస్త్రం అది. ఇక్కడ నాలుగూ చదవగలిగేలా ఉన్నాయి.

---

నిర్వాహకుడు | ఆదివారం రాత్రి

ఏ కంపెనీ పెట్టె మంచిది అన్న పదకొండు సందేశాలను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ డేటా గురించే మాట్లాడండి.

---

ధూళి లేని గది | సోమవారం ఉదయం

డీడీరెస్క్యూ నడుస్తుండగా చెవి అక్కడే ఉంచండి. వేగం తగ్గడం మామూలే, కొత్తగా టిక్ టిక్ మొదలైతే వెంటనే ఆపండి. డిస్కు మీద చిన్న ఫ్యాను తిప్పండి, వేడికి ఇలాంటివి మరింత మొండికేస్తాయి.

ల్యాబుకు ఇవ్వాల్సి వస్తే అడగాల్సినవి కూడా చెబుతాను, మా వాళ్లకు కోపం వచ్చినా సరే. అసలు డిస్కు మీద పని చేస్తారా, నకలు తీసి చేస్తారా? డబ్బు తీసుకునే ముందు దొరికిన ఫైళ్ల జాబితా చూపిస్తారా? డిస్కు తెరవాల్సి వస్తే ఎక్కడ తెరుస్తారు? బల్ల మీద ఏసీ కింద తెరిచేవారు ఉన్నారు. రెయిడ్ అయితే మొత్తం డిస్కులన్నీ ఇవ్వాలి, ‘పోయినవి’ మాత్రమే ఇచ్చి మిగతావి ఇంట్లో పెట్టుకునేవారు చాలామంది.

---

తెనాలి తమ్ముడు | బుధవారం ఉదయం

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో డిస్కులు కొని రాత్రి బస్సులో బావగారే తెచ్చారు. 1, 4 ఒక్కొక్కటీ ఏడెనిమిది గంటల్లో నకలు అయ్యాయి, ఒక్క లోపమూ లేదు.

3వది చుక్కలు చూపించింది. సెకనుకు 150 ఎంబీతో సాగుతూ 61 శాతం దగ్గర ఒక్కసారిగా కేబీల్లోకి పడిపోయింది. కాసేపటికి తానే ఆ చోటు దాటేసి మళ్లీ పుంజుకుంది. మొదటి విడత చివర 212 ఎంబీ మిగిలింది. రెండో విడత స్క్రేప్ అయ్యేసరికి అది కరుగుతూ కరుగుతూ 3.1 ఎంబీ దగ్గర ఆగింది. తెర మీద ఆ అంకె తగ్గడం బావగారు క్రికెట్ స్కోరు చూసినట్టు చూశారు. చప్పుడేమీ రాలేదు. ఇప్పుడేం చేయాలి?

---

పాత సర్వరు | బుధవారం ఉదయం

4 టీబీలో 3.1 ఎంబీ! శుభం. అసలు డిస్కులు నాలుగూ బీరువాలో, కార్డుల పక్కన పెట్టండి.

నకళ్లను కూడా ముట్టుకోకుండా పని చేద్దాం. ఒక్కో నకలును లూప్ డివైస్‌గా (ఫైలును డిస్కులా చూపేది) చదవడానికి మాత్రమే తెరవండి. దాని మీద డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్ పొర ఒకటి వేయండి. రాతలన్నీ ఆ పొర తాలూకు చిన్న ఫైలులోకి పోతాయి, నకలు అలాగే ఉంటుంది. ఏదైనా బెడిసికొడితే పొర తుడిచి మళ్లీ మొదలు. ఇప్పుడు ఆ మూడు పొరలనూ ఇచ్చి ఎండీఏడీఎం అసెంబుల్, ఫోర్స్ నడపండి. ఆరు ఈవెంట్ల తేడాను ఫోర్స్ సర్దుతుంది. నాలుగింటికి మూడుతో అర్రే లేస్తుంది. పైన ఎల్‌వీఎం (డిస్కు చోటును పంచే లైనక్స్ ఏర్పాటు) ఉంటే వీజీఛేంజ్‌తో దాన్ని లేపండి.

మౌంట్ చేసేటప్పుడు రీడ్ ఓన్లీ ఒక్కటే చాలదు. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీలోనూ జర్నల్‌ను (పూర్తికాని రాతల చిట్టాను) తిరిగి ఆడిస్తుంది, అంటే రాస్తుంది. నోలోడ్ కూడా జోడించండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే నోరికవరీ. దీనివల్ల శుక్రవారం కాపీ అవుతున్న ఫోల్డరు గజిబిజిగా కనబడవచ్చు. అది కార్డుల్లో ఉంది కాబట్టి పట్టించుకోకండి.

---

తెనాలి తమ్ముడు | బుధవారం సాయంత్రం

లేచింది! ఎక్స్‌ట్4, ఫోల్డర్లన్నీ కనబడుతున్నాయి. 8 టీబీ పైచిలుకు కాపీ మొదలైంది. బావగారు మొదట మా అక్క పెళ్లి ఫోల్డరు తెరిచి చూశారు, తన పెళ్లి కూడా అందులోనే ఉందట.

ఒక సందేహం. ఆ 3.1 ఎంబీ ఏ ఫైళ్లలో పడిందో ఎలా తెలుసుకోవాలి? లక్షల ఫొటోలున్నాయి, ఒక్కొక్కటీ తెరిచి చూడలేం.

---

డాలస్ రాత్రి డ్యూటీ | గురువారం ఉదయం

మామూలు డిస్కు అయితే డీడీరెస్క్యూ ఫిల్ మోడ్‌తో చెడ్డ చోట్లలో ఒక గుర్తు నింపి, ఆ గుర్తు ఏ ఫైళ్లలో ఉందో గ్రెప్ ఆజ్ఞతో వెతుకుతారు. మీ విషయంలో అది సగమే పట్టిస్తుంది. 2వ డిస్కు లేదు కదా, దాని ముక్కలను 3వ దాంతో కలిపి లెక్కగట్టి తీస్తున్నాం. 3లో చెడ్డ చోటు ఉంటే ఆ వరుసలో 2వ డిస్కు ముక్క కూడా తప్పుగా వస్తుంది, కానీ అక్కడ మీ గుర్తు కనబడదు, ఎక్స్‌ఓఆర్‌లో కలిసిపోతుంది.

కాబట్టి ఇలా చేయండి. చెడ్డ చోట్లలో సున్నాలు నింపిన నకలుతో ఫైళ్లన్నింటికీ చెక్‌సమ్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) తీయండి. ఆ తర్వాత చెడ్డ చోట్లలో వేరే అక్షరం నింపి, అర్రేను మళ్లీ లేపి, మళ్లీ చెక్‌సమ్ తీయండి. రెండు జాబితాల్లో తేడా వచ్చిన ఫైళ్లే దెబ్బతిన్నవి. నేరుగా పోయినవీ, లెక్కలో పోయినవీ రెండూ దొరుకుతాయి. సమయం పడుతుంది, కానీ అది యంత్రం సమయం.

---

తెనాలి తమ్ముడు | శుక్రవారం రాత్రి

పధ్నాలుగు ఫైళ్లు. పాత పెళ్లిళ్లవి పదకొండు. మే నెల పెళ్లిలోవి మూడు: రా ఫొటోలు (కెమెరా అసలు ఫైళ్లు) రెండు, తలంబ్రాల క్లిప్పు ఒకటి. క్లిప్పు మధ్యలో అరసెకను ఆకుపచ్చ గళ్లు వస్తున్నాయి.

---

పాత సర్వరు | శుక్రవారం రాత్రి

ఇప్పుడు 2వ డిస్కుకు పని పడింది.

ఫిబ్రవరి తర్వాత మారని వరుసల్లో 2వ డిస్కు ముక్క ఇప్పటికీ సరైనదే. పాత పెళ్లిళ్ల ఫైళ్లను ఎవరూ మళ్లీ రాయలేదు. అలాంటి చోట 1, 2, 4 ముక్కల ఎక్స్‌ఓఆర్ చేస్తే 3వ డిస్కులో చదవలేకపోయిన ముక్క అక్షరం పొల్లు పోకుండా వస్తుంది. గుడ్డిగా నమ్మనక్కరలేదు, పరీక్ష ఉంది. చెడ్డ సెక్టర్‌కు ముందూ వెనకా అదే వరుసలో చదవగలిగిన సెక్టర్లు తీసుకుని, నాలుగు డిస్కులవీ ఎక్స్‌ఓఆర్ చేయండి. సున్నా వస్తే ఆ వరుస మారలేదనుకోవచ్చు. రాకపోతే మారింది, అక్కడ వదిలేయండి.

డీడీరెస్క్యూ మ్యాప్ ఫైలులో చెడ్డ చోట్ల చిరునామాలు ఉంటాయి. పైథాన్‌లో చిన్న స్క్రిప్టు చాలు. 3వ నకలు పొర మీదే రాయండి, అసలు నకలు మీద వద్దు.

---

డాలస్ రాత్రి డ్యూటీ | శనివారం ఉదయం

ఇది చదివి కాఫీ పక్కన పెట్టాను. బాగుంది సార్.

అన్నట్టు ఫిబ్రవరిలో 2వ డిస్కు ఎందుకు పడిందో కూడా తెలిసినట్టే. అవి డెస్క్‌టాప్ రకం డిస్కులై ఉంటాయి. వాటికి సెక్టర్ చదవడం కష్టమైతే నిమిషం, రెండు నిమిషాలైనా మొండిగా ప్రయత్నిస్తూ ఉంటాయి. లైనక్స్ మామూలుగా 30 సెకన్లు చూసి, జవాబు లేదని లింకు తెంచుతుంది. దాంతో అర్రే ఆ డిస్కును వెలివేస్తుంది. 8 సెక్టర్ల కోసం 4 టీబీ పోయింది. నాస్ రకం డిస్కులు 7 సెకన్లకే చేతులెత్తేసి చదవలేనని చెబుతాయి, అప్పుడు అర్రే ఆ ముక్కను మిగతా వాటితో లెక్కగట్టి తిరిగి రాస్తుంది. డిస్కు ఒప్పుకుంటే స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీఈఆర్‌సీ (చదవలేని చోట డిస్కు ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే గడువు) విలువ 70 పెట్టండి, అది పదోవంతు సెకన్లలో ఉంటుంది. ఒప్పుకోకపోతే లైనక్స్ గడువునే 180 సెకన్లకు పెంచండి.

---

తెనాలి తమ్ముడు | ఆదివారం రాత్రి

పదకొండుకి పదకొండూ వచ్చాయి! పొరుగు సెక్టర్లన్నీ సున్నా చూపించాయి, ఫొటోలు శుభ్రంగా తెరుచుకున్నాయి. మే నెలవి మూడూ మీరన్నట్టే సున్నా చూపలేదు. ఆ రెండు ఫొటోలు ప్రింటు ల్యాబులో జేపెగ్‌గా దొరికాయి. తలంబ్రాల క్లిప్పులో ఆ అరసెకను లైవ్ రికార్డింగు నుంచి తీసి అతికించారు. మావయ్య గారూ, మీ సలహానే.

ఇప్పుడు కొత్తగా పెట్టెను ఎలా కట్టుకోవాలి? రెయిడ్ 6 చేద్దామని బావగారు అంటున్నారు.

---

మిక్సింగ్ మావయ్య | సోమవారం ఉదయం

అతికింపు పెళ్లివారు కనిపెట్టరు. కనిపెట్టేది వీడియోగ్రాఫర్ బావమరుదులు మాత్రమే.

---

పాత సర్వరు | సోమవారం ఉదయం

రెయిడ్ 6 అయితే రెండు డిస్కుల దాకా ఓర్చుకుంటుంది, నాలుగు అరల్లో సగం చోటు దానికే పోతుంది. స్టూడియో తాళం పగిలినా, పిడుగు పడినా, ఎవరైనా ఫోల్డరు తుడిచినా అదీ ఏమీ చేయలేదు. నా మాట వింటే పెట్టెలో రెయిడ్ 5 ఉంచి, ఇప్పుడు కొన్న 16 టీబీ డిస్కులను బ్యాకప్‌కు వాడండి. ఒకటి స్టూడియోలో, ఒకటి బావగారి ఇంట్లో, వారం వారం మార్చుకోండి. ఆల్బమ్ చేతికి ఇచ్చేదాకా కార్డులు ఫార్మాట్ చేయవద్దు.

నెలకోసారి స్క్రబ్ (డిస్కులన్నీ చివరిదాకా చదివి సరిచూడటం) పెట్టండి. డెబియన్ లైనక్స్‌లో ప్రతి నెలా మొదటి ఆదివారం అది తానే నడుస్తుంది, మీ పెట్టెలో చేతితో ఆన్ చేయాల్సి ఉండవచ్చు. 3వ డిస్కులో చెడ్డ సెక్టర్లు నాలుగు డిస్కులూ ఉన్న రోజుల్లోనే స్క్రబ్‌లో బయటపడి ఉంటే అక్కడికక్కడే బాగయ్యేవి. డిస్కులు కొనేటప్పుడు ఎస్‌ఎంఆర్ రకం (డేటా వరుసలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా రాసేవి) కాకుండా సీఎంఆర్ అని చూసి కొనండి, ఎస్‌ఎంఆర్‌వి రీబిల్డ్ (పోయిన డిస్కు స్థానంలో కొత్తదాన్ని నింపే) సమయంలో నత్తనడక నడుస్తాయి. హెచ్చరిక మెయిళ్లు బావగారి సొంత చిరునామాకూ, మీకూ వచ్చేలా మార్చి, పరీక్ష మెయిలు ఒకటి పంపి చూడండి. పెట్టెను అటక మీది నుంచి కిందికి దించండి.

పాత డిస్కులు ఆ రెండు ఆల్బమ్‌లూ పెళ్లివారి చేతికి వెళ్లాకే తుడవండి.

---

కొత్త సభ్యుడు 27 | సోమవారం మధ్యాహ్నం

సార్, నా దగ్గర రెండు డిస్కుల రెయిడ్ 1 (ఒకదానికొకటి నకలు) ఉంది. నిన్నటి నుంచి ఒక దీపం నారింజ రంగులో ఉంది. ఫైళ్లు మాత్రం తెరుచుకుంటున్నాయి. రీబూట్ చేస్తే పోతుందా?

---

పాత సర్వరు | సోమవారం మధ్యాహ్నం

రీబూట్ వద్దు. తెరుచుకుంటున్నాయి కదా, ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కుకు కాపీ చేసుకోండి. అది అయ్యాక స్మార్ట్ వరుసలతో కొత్త చర్చ మొదలుపెట్టండి, అక్కడ చూద్దాం.